ఒకరు తక్కువండి

అమలాపురం నుంచి అల్లవరం వెళ్ళే దారిలో, కొబ్బరితోటల మధ్య ఎత్తయిన ప్రహరీ ఉన్న మానసిక వైద్యశాలలో నేను ఇరవై ఏళ్ళపాటు వార్డు బాయ్‌గా పనిచేశాను. తొంభైల మొదట్లో చేరి, రెండువేల పది దాటాక దిగిపోయాను. జుట్టు తెల్లబడ్డా ఆ ఉద్యోగంలో మనిషి బాయే. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "ఆ పనిలో ఎలా ఉండాలండీ?" అని అడుగుతున్నారు. నోటితో చెబితే సగం మరిచిపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

చేతులు చూసి ఇచ్చిన పని

అంతకుముందు నేను కొబ్బరి దింపు తీసేవాణ్ణి. రోజుకు నలభై చెట్లు ఎక్కేవాణ్ణి. ఒకసారి ఆసుపత్రి ఆవరణలో దింపు తీయడానికి వెళ్తే, అక్కడి డాక్టరు, సూపర్నెంటు అవధానులుగారు నా చేతులకేసి చూసి, "లోపల పని ఉంది, చేస్తావా?" అన్నారు. కండలున్న మనిషి కావాలని ఆయన ఉద్దేశం. తాళం వేసి ఉంచే వార్డు కదా, ఎవరైనా తిరగబడితే పట్టుకోవాలని.

ఇరవై ఏళ్ళలో ఆ కండలు నిజంగా పనికొచ్చింది పదిసార్లు కూడా లేదు. మిగతా రోజులన్నీ అన్నం గిన్నెలు మోయడం, మాసిన దుప్పట్లు ఉతుకు గదికి చేర్చడం, గెడ్డాలు గీసే రోజున వరసగా కూర్చోబెట్టడం, డాక్టరుగారి గదికి తీసుకెళ్ళి మళ్ళీ వార్డుకు తీసుకురావడం. ఈ చివరిదే అసలు ఉద్యోగం. మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించడం. చెట్టెక్కడం కంటే అదే కష్టం.

నేర్పింది మార్తమ్మగారు. ఆవిడ హెడ్డు నర్సు. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడేది, కానీ ఆవిడ మాట గేటు దాకా వినబడేది. మొదటిరోజే నా మొలకు కట్టిన తాళాలగుత్తి పట్టుకుని ఆపేసింది.

"ఈ గలగల ఏంటి సత్తిబాబూ?"

"తాళాలండి."

"అది నాకూ తెలుసు. ఆ చప్పుడు వింటే వాళ్ళకి తాళమే గుర్తొస్తుంది, నువ్వు గుర్తురావు. గుడ్డలో చుట్టు. ఇంకోటి, మనిషి వెనకాల నడవకు, పోలీసువాడివి అనుకుంటారు. ముందు నడవకు, నువ్వు పెద్దవాడివి అనుకుంటారు. పక్కన నడు."

ఆయ్ అన్నాను. పక్కన నడవడం రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

వీర్రాజు

మా వార్డులో ముప్ఫయ్యారు మంది మగవాళ్ళు ఉండేవారు. పూటకోసారి లెక్క. అందరినీ మంచాల దగ్గర నిలబెట్టి మార్తమ్మగారు వేలితో లెక్కపెట్టి పుస్తకంలో రాసేది. ఆవిడ "ముప్ఫయ్యారు" అనగానే మూలమంచం దగ్గర నుంచి ఒక గొంతు వినబడేది.

"ఒకరు తక్కువండి."

అది వీర్రాజు గొంతు. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, జుట్టు పక్కపాపిడి తీసి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవాడు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అదే మాట. గట్టిగా అనేవాడు కాదు. పెద్దవాళ్ళతో చెప్పాల్సిన విషయం మర్యాదగా చెప్పినట్టు అనేవాడు. మార్తమ్మగారు "సరిపోయింది వీర్రాజు, కూర్చో" అనేది. కూర్చునేవాడు కానీ, కళ్ళతో ఇంకా వెతుకుతూనే ఉండేవాడు.

అతను ప్రైవేటు బస్సులో కండక్టరుగా చేసేవాడు. ఒక రోజు కాలవగట్టు మీద టైరు పేలి బస్సు కాలవలోకి జారింది. వీర్రాజు కిటికీల్లోంచి ఒక్కొక్కరినీ బయటకు లాగాడు. లాగి, గట్టు మీద నిలబెట్టి లెక్కపెట్టాడు. "అందరూ వచ్చేసేరు" అని ఊరివాళ్ళకు చెప్పాడు. ఊరంతా అతనికి దండం పెట్టింది. మర్నాడు బస్సును పైకి లాగితే వెనకసీటు కింద ఒక ముసలమ్మ ఉంది.

అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేదేమో. తర్వాత నెలల్లో వీర్రాజు రోడ్డు మీద వెళ్ళే బస్సులకు అడ్డం నిలబడి, లోపలికెక్కి జనాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకసారి తనను దించేయబోయిన బస్సు యజమానిని తలమీద ఇనప రాడ్డుతో కొట్టాడు. ఆ మనిషి బతికాడు. కోర్టు కాగితంతో పోలీసులు వీర్రాజును మా గేటు దగ్గర దించి వెళ్ళారు.

నేను చేసిన తప్పు

నేను చేరిన మూడో ఏడు అనుకుంటాను, వీర్రాజుకు దగ్గు పట్టుకుని వదల్లేదు. అమలాపురం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించమని డాక్టరుగారు చెప్పారు. జీపు సిద్ధంగా ఉంది. వీర్రాజు మంచం దిగడు. "లెక్క తేలకుండా బండి కదలకూడదండి" అంటాడు. బయట డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. నాకు విసుగొచ్చింది.

"మీ ఆవిడ గేటు దగ్గరకొచ్చింది, రండి" అన్నాను.

వెంటనే లేచాడు. దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడు. చొక్కా గుండీలు తడిమి చూసుకున్నాడు. నా పక్కనే గబగబా నడిచాడు. గేటు దగ్గర జీపు ఒక్కటే ఉంది. అటూ ఇటూ చూశాడు. ఒకసారి నా మొహంలోకి చూసి, జీపెక్కి కూర్చున్నాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు నా చేత్తో ఇచ్చిన కంచం ముట్టలేదు. వంటాయన ఇస్తేనే తినేవాడు. మార్తమ్మగారికి సంగతి తెలిసి, "వెళ్ళి తప్పయిపోయిందని చెప్పు" అంది. ఆవిడ చూస్తుండగా వెళ్ళి చెప్పాను.

వీర్రాజు నాకేసి చూడకుండా, "మీకు పని తొందరగా అవ్వాలి కదండీ" అన్నాడు.

తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ఆ ఉద్యోగంలోకి వెళ్ళేవాళ్ళకు నేను ఖచ్చితంగా చెప్పేది ఇదొక్కటే. వాళ్ళతో అబద్ధం ఆడకండి. మతి చెదిరినవాడికి తెలియదులే అనుకుంటాం. వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బయటివాళ్ళకు నమ్మడానికి పదిమంది ఉంటారు, వాడికి మనం నలుగురమే.

నీళ్ళు

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఒక కార్తీకమాసంలో తుఫాను వచ్చింది. తెల్లవారేసరికి తోటలో సగం చెట్లు పడున్నాయి. ఫోను పనిచేయలేదు. అవధానులుగారు పనిమీద కాకినాడ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. ఆసుపత్రిలో మిగిలింది మార్తమ్మగారు, వంటాయన, వాచ్‌మన్, నేను. ఆసుపత్రికి ఉన్నది పల్లంలో ఈ ఒక్క పెంకుల కప్పు వార్డే. పొద్దున్న ఎనిమిదింటికి పక్కనున్న మురుగుకాలవ పొంగి వరండాలోకి నీళ్ళొచ్చాయి. తొమ్మిదికి మంచాల కోళ్ళు సగం మునిగాయి.

రోడ్డుకు అవతల ఎత్తు మీద రైసుమిల్లు గోడౌను ఉంది. అక్కడికి వెళ్తే బతికినట్టే. కానీ సూపర్నెంటుగారి సంతకం లేకుండా పెద్దగేటు తీయకూడదని రూలు. తీస్తే ఉద్యోగం పోతుందని వాచ్‌మన్ గొడవ పెట్టాడు. నాకూ భయమేసింది. మా వార్డులో కోర్టు పంపినవాళ్ళే పదిమంది దాకా ఉన్నారు.

మార్తమ్మగారు చీర మోకాళ్ళపైకి దోపుకుంటూ అంది. "కాగితం తర్వాత రాయించుకోవచ్చు. మనిషిని రాయించుకోలేం. తాళం తియ్యి సత్తిబాబూ."

తీశాను. బావి దగ్గరున్న కొబ్బరితాడు తెచ్చి ఒక కొస వార్డు వరండా స్తంభానికి, ఇంకో కొస గేటు దాటించి మిల్లు స్తంభానికి కట్టాను. తీరా చూస్తే వార్డులోంచి ఒక్కరూ కదలరు. ఏళ్ళ తరబడి ఆ తలుపు దాటనివాళ్ళు. గాలి చప్పుడుకు బెదిరి మంచాలెక్కి ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. నేను ఒకాయన చెయ్యి పట్టి లాగితే మంచాన్ని కౌగిలించుకున్నాడు. ఇలా లాగుతూ ఉంటే సాయంత్రానికి కూడా అవదని అర్థమైంది.

అప్పుడు వీర్రాజు లేచి తలుపు దగ్గరకు వచ్చాడు. ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, ఒక కాలు గడపమీద పెట్టి నిలబడ్డాడు. అతని గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు.

"రండి, రండి. పెద్దవాళ్ళు ముందు. తోసుకోకండి, అందరికీ చోటుంది. బాబుగారూ, మీరేనండి, దిగండి. తాడు పట్టుకోండి. ముందాయన భుజం మీద చెయ్యి వెయ్యండి. ఆయ్, అలాగే. తర్వాత ఎవరండీ?"

బస్సు కండక్టరు పిలిస్తే కదలని మనిషి కోనసీమలో లేడనుకుంటాను. ఒక్కొక్కరే మంచం దిగారు. మోకాలిలోతు నీళ్ళలో, తాడు పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని గేటు దాటారు. తొమ్మిదేళ్ళుగా బయటి రోడ్డు చూడని ఒకాయన ఆ నీళ్ళలో నిలబడి, కొట్టుకొచ్చే కొబ్బరికాయలు పట్టుకుంటూ పకపకా నవ్వాడు. వాచ్‌మన్ కూడా నవ్వాడు. వాడి భయం అక్కడే పోయింది.

మిల్లులో

మిల్లు గుమస్తాగారు మంచివాడు. వీళ్ళు ఎవరని అడగలేదు. "లోపలికి రండి, బస్తాల మీద కూర్చోండి" అన్నాడు. అందరూ ధాన్యం బస్తాల మీద కూర్చున్నారు. మార్తమ్మగారు చలికి వణుకుతూనే లెక్కపెట్టింది.

"ముప్ఫయ్యారు. దేవుడి దయ."

"ఒకరు తక్కువండి" అన్నాడు వీర్రాజు.

ఎవరూ తల తిప్పలేదు. ఆరేళ్ళుగా రోజుకు మూడుసార్లు విన్న మాట. మార్తమ్మగారు అలవాటుగా "సరిపోయింది వీర్రాజు, కూర్చో" అంది. అతను కూర్చోలేదు. ఆవిణ్ణి దాటి నా దగ్గరకు వచ్చాడు.

"సత్తిబాబుగారూ, మీరు చెప్పండి. సరిపోయిందాండీ?"

సరిపోయిందండి అనడం ఎంతసేపు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తల దువ్వుకుని గేటు దాకా వచ్చి అటూ ఇటూ చూసిన మొహం గుర్తొచ్చింది. "నాకు తెలీదండి. పేర్లతో పిలిచి చూస్తాను" అన్నాను.

నేను ఒక్కో పేరూ పిలవడం, వాళ్ళు పలకడం మొదలైంది. బుల్లెబ్బాయి పేరు దగ్గర ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాను. పలకలేదు. తడిసి గోనెసంచి నెత్తిన కప్పుకుని మా వాళ్ళ మధ్య కూర్చున్న, మిల్లులో బస్తాలు మోసే కళాసీని మార్తమ్మగారు మనవాడనుకుని లెక్కలో కలిపేసింది. ఆవిడే వెళ్ళి ఆ గోనెసంచి తీసి మొహం చూసింది.

వీర్రాజు అప్పటికే మెట్లు దిగుతున్నాడు. నేనూ దిగాను. తాడు పట్టుకుని, పక్కపక్కనే, అప్పటికి ఛాతీలోతుకు పెరిగిన నీళ్ళలో వెనక్కి వెళ్ళాం. వార్డు ఖాళీగా ఉంది. "బుల్లెబ్బాయిగారూ" అని పిలుస్తుంటే ఉతుకు గదిలోంచి దగ్గు వినబడింది. తలుపు నీళ్ళకు ఉబ్బి బిగుసుకుపోయింది. ఇద్దరం భుజాలు పెట్టి తోస్తే నాలుగోసారికి ఊడింది.

బుల్లెబ్బాయికి పేరు ఒకటే చిన్నది. మనిషి ఏనుగంత. బట్టలు బాదే రాతిబల్ల మీద మాసిన దుప్పట్లు గుట్టగా పోసుకుని, పైన ఎక్కి, తలగడ గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. నీళ్ళు ఆ గుట్ట అంచు తాకుతున్నాయి.

"దిగండి, అందరూ మీకోసం ఆగేరు" అన్నాడు వీర్రాజు.

"తలగడో?"

"తలగడకీ చోటుంది. రండి."

వంటింట్లో కూరలు తరిగే పెద్దబల్ల తేలుతూ కనబడింది. దాన్ని లాక్కొచ్చి, బుల్లెబ్బాయిని బోర్లా పడుకోబెట్టి, ఇద్దరం చెరోపక్క పట్టుకుని తోసుకుంటూ వచ్చాం. దారి పొడుగునా తలగడ తడవకుండా చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. అది అప్పటికే ముద్దగా తడిసి ఉంది.

మిల్లు మెట్లమీద వీర్రాజు ఆగి లెక్కపెట్టాడు. పెదవులు కదలడం చూస్తున్నాను. చివరిదాకా పెట్టి, మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.

"సరిపోయిందండి" అన్నాడు.

ఒక బస్తా మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గుమస్తాగారివైపు తిరిగి, "టీ ఏమన్నా దొరుకుతుందాండీ?" అని అడిగాడు. మార్తమ్మగారు నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. గుమస్తాగారి ఇంటివాళ్ళు పెద్ద డేగిశాతో ఉప్మా వండి పంపారు. అంత కమ్మటి ఉప్మా నేను మళ్ళీ తినలేదు. ముప్ఫయ్యారు మందీ అదే అన్నారు.

రెండోరోజు నీళ్ళు తీశాయి. అందరం నడిచి వెనక్కి వచ్చాం. గేటు తీస్తే పారిపోతారని ఏళ్ళ తరబడి చెప్పుకున్నాం. ఒక్కడూ పారిపోలేదు. మావాళ్ళలో ఒకాయన మిల్లు వాకిలి తుడిచి మరీ వచ్చాడు.

ముగ్గురు ముద్దాయిలు

మూడోరోజు అవధానులుగారు వచ్చి నన్ను పిలిచారు. పక్కన మార్తమ్మగారు నిలబడింది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"గేటు ఎవరు తీసేరు?"

"నేనేనండి."

"నేను తియ్యమన్నానండి" అంది మార్తమ్మగారు.

కిటికీ అవతల వరండాలోంచి, "నేను దింపేనండి" అని వినబడింది. వీర్రాజు.

డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నువ్వూ లోపలికి రా వీర్రాజు. ముగ్గురూ కూర్చోండి" అన్నారు. ఆయన మంచి వైద్యుడు, శాస్త్రం చదివిన ఇంటి మనిషి. కానీ వార్డు బాయ్‌ని కుర్చీలో కూర్చోమనడం అదే మొదటిసారి. ఆ మాట ఆయనకే తర్వాత చెప్పాను. "ఆలస్యమైందయ్యా" అన్నారు. పెద్దవాడు తప్పు ఒప్పుకుంటే కిందివాడికి ఎంత బలమో ఆరోజు తెలిసింది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. తుఫాను వచ్చి వీర్రాజు జబ్బు కుదిరిందని ఎవరితోనూ అనకండి. పదిహేను రోజులకే ఆ మాట మళ్ళీ మొదలైంది. అయితే రోజుకు మూడుసార్లు కాదు, వారానికి ఒకటి రెండుసార్లు. డాక్టరుగారు మందు మార్చారు. రోజూ కూర్చోబెట్టి ఆ ముసలమ్మ గురించి మాట్లాడించారు. మార్తమ్మగారు లెక్క పుస్తకం అతని చేతికే ఇచ్చింది. తను వేలితో చూపిస్తే అతను రాసేవాడు. ఇలా ఏడాదిన్నర పట్టింది. ఒక రోజు డాక్టరుగారు, "ఇతన్ని ఇంటికి పంపొచ్చు, కోర్టుకు నేను రాస్తాను. తీసుకెళ్ళేవాళ్ళు ఉండాలి కదా" అన్నారు.

మంగ

వీర్రాజు భార్య మంగ కొత్తపేటలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కలు అమ్ముతుందని రికార్డులో చూశాను. సెలవు పెట్టి వెళ్ళాను. బస్టాండుకు దగ్గర్లో చిన్న పాక. ఆవిడ వాకిట్లో కూర్చుని పనసాకులు ఈనుపుల్లలతో కుట్టి బుట్టలు చేస్తోంది. నేనెవరో చెబితే చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"రెండుసార్లు వచ్చేనండి" అంది. "నన్ను చూసి లెక్కపెట్టేడు తప్ప పలకరించలేదు. మా అన్నయ్యలు ఇంక వెళ్ళొద్దన్నారు. ఇప్పుడు పలుకుతాడా అండీ?"

ఆయ్ అనేస్తే వచ్చేసేది. "పలుకుతాడనే అనుకుంటున్నానండి. ఖచ్చితంగా చెప్పలేను" అన్నాను.

ఆవిడ నాకేసి పరీక్షగా చూసింది. "చూస్తానండి. తీసుకెళ్తానని మాత్రం మాట ఇవ్వను."

ఆదివారం వచ్చింది. వార్డులోకి వెళ్ళి వీర్రాజుకు చెప్పాను.

"మీ ఆవిడ గేటు దగ్గరుందండి."

అతను మంచం మీద నుంచి కదలలేదు. "ముందొకసారి చెప్పేరు కదండీ" అన్నాడు. కోపంగా కాదు.

 వాచ్‌మన్‌తో మాట్లాడి మంగను లోపలికి, వార్డు గుమ్మం దాకా తీసుకొచ్చాను. రూలు కాదు. అప్పటికి నాకు రూళ్ళ సంగతి కొంచెం తెలిసింది. వీర్రాజు ఆవిణ్ణి చూసి లేచి నిలబడ్డాడు. 

"ఎలా వచ్చేవు?" అన్నాడు.

"బస్సులో."

"సీటు దొరికిందా, నిలబడే వచ్చేవా?"

"దొరికింది. కిటికీ పక్కన."

"మంచిది" అన్నాడు. తన మంచం మీద దుప్పటి సర్ది, "కూర్చో" అన్నాడు.

నేను బయటకొచ్చి ఊరికే గిన్నెలు తోమాను. మంగ నాలుగు ఆదివారాలు వరసగా వచ్చింది. అయిదోసారి ఇద్దరూ కలిసి గేటు దాటారు. వార్డంతా కిటికీల దగ్గర నిలబడి చేతులూపింది.

కొత్తపేట

మా వృత్తిలో ఒక అలవాటుంది. డిశ్చార్జి అయినవాళ్ళు బజార్లో ఎదురైతే మేమే ముందు మొహం తిప్పుకుంటాం. పక్కవాళ్ళు "ఈయనెవరు?" అంటే వాళ్ళు ఏం చెబుతారు? ఒకప్పుడు నేను గెడ్డం గీసిన మనిషి రామచంద్రపురం బస్సులో నా పక్కనే కూర్చుని, నన్ను చూడనట్టే ఊరు చేరాడు. తప్పు పట్టలేదు. పిచ్చాసుపత్రి మాట ఒకసారి బయటపడితే పిల్లల పెళ్ళిళ్ళ దాకా వెంటాడుతుంది.

అందుకే రిటైరైన ఏడాది కొత్తపేట మీదుగా వెళ్తూ కూడా మంగ పాక వైపు వెళ్ళకూడదనుకున్నాను. పాక ఇప్పుడు రేకుల షెడ్డయింది. బల్లలు పడ్డాయి. రోడ్డుకు అవతల నిలబడి ఒకసారి చూసి పోదామనుకుంటే, వీర్రాజు లోపలినుంచి చూశాడు. చేతిలో గరిటెతోనే రోడ్డు దాటి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, పాపిడి అదే.

"అక్కడ నిలబడిపోయేరేంటండీ. రండి."

తీసుకెళ్ళి బల్ల ముందు కూర్చోబెట్టాడు. మంగ ఆకు పరిచింది. వేడివేడి పొట్టిక్కలు, కొబ్బరిపచ్చడి వేశారు. నా పక్కన పంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన తింటున్నాడు. రోజూ వచ్చే మనిషిలా ఉన్నాడు. "ఎవరు వీర్రాజూ, చుట్టాలా?" అని అడిగాడు.

నేను తల వంచుకుని పచ్చడి కలుపుకోసాగాను. ఏం చెప్పినా సరే అనుకున్నాను.

"కాదండి. నేను పిచ్చాసుపత్రిలో ఉన్నప్పుడు మా వార్డులో చేసేరు. సత్తిబాబుగారు" అన్నాడు వీర్రాజు. అందరికీ వినబడేలాగే అన్నాడు.

షెడ్డులో ఎనిమిదిమంది దాకా ఉన్నారు. ఎవరూ తినడం ఆపలేదు. పెద్దాయన నాకేసి ఒకసారి చూసి, తన ఆకును నా ఆకు పక్కకు కొంచెం జరుపుకున్నాడు.

"అలాగా. అయితే ఆయనకి ఇంకో రెండు వెయ్యి" అన్నాడు.